వార్ధక్యాన్ని చదివే శాస్త్రం
ప్రజారోగ్య డిగ్రీలో వార్ధక్యాన్ని ప్రత్యేకాంశంగా చదవడమంటే వృద్ధుల జబ్బులకు చికిత్స నేర్చుకోవడం కాదు; ఒక సమాజం ఎలా వయసు మీరుతున్నదో, ఆ క్రమాన్ని కూలిపని, చదువు, ఒంటరితనం ఎలా మలుస్తాయో పరిశీలించడం. ఒకే మనుషులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలిసేలా రూపొందిన భారత దీర్ఘకాలిక వార్ధక్య అధ్యయనం, 2017–18 నాటి తొలి విడతలో 72 వేలకు పైగా మందిని జబ్బుల గురించి అడగడంతో ఆగక, పిడికిలి పట్టును పరికరంతో కొలిచింది, నాలుగు మీటర్లు నడిపించి పట్టిన సమయం రాసుకుంది. స్నానం చేయడం, మంచం దిగడం వంటి నిత్యకృత్యాలను ఒకరి సాయం లేకుండా చేసుకోగలగడాన్ని ఈ శాస్త్రం క్రియాసామర్థ్యమంటుంది. పెద్దల గౌరవానికి రక్తపోటు అంకెకన్నా ఇదే దగ్గరి కొలమానం. అది సన్నగిల్లినప్పుడు చేయందించే భార్య, కోడలు, కూతురు పడే శ్రమ ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కదు కనుక, సంరక్షకుల అలసటనూ ప్రజారోగ్య సమస్యగా లెక్కించడం ఈ చదువులో అన్నిటికన్నా విలువైన భాగం.