టికోచిన్‌లో లేని సగం

ఈశాన్య పోలండ్‌లో, బియాలిస్టాక్ నగరానికి 30 కిలోమీటర్ల దూరంలో, నారెవ్ నది ఒడ్డున ఉంటుంది టికోచిన్. ఇప్పుడు జనాభా రెండు వేల లోపే. విశాలమైన సంత మైదానానికి తూర్పున బ్రానిట్‌స్కీ ప్రభువు 18వ శతాబ్దంలో కట్టించిన జంట గోపురాల చర్చి ఉంది. పడమటికి నడిస్తే ఇళ్లు చిన్నవవుతాయి, వీధులు ఇరుకవుతాయి. వాటి మధ్య నుంచి ఉన్నట్టుండి లేచి నిలబడుతుంది 1642లో కట్టిన సినగాగు, యూదుల ప్రార్థనా మందిరం. ఊరి ఒక కొసన క్రైస్తవులు, మరో కొసన యూదులు, ఇద్దరికీ నడుమ సంత. ఈ ఊరి చరిత్ర తెలుసుకోవడానికి పుస్తకం తెరవనక్కర్లేదు, ఆ కొస నుంచి ఈ కొసకు నడిస్తే చాలు.

1522లో ఈ ప్రాంతపు ప్రభువు ఓల్బ్రాహ్ట్ గాష్టోల్డ్ గ్రోద్నో నుంచి యూదు కుటుంబాలను పిలిపించి ఇక్కడ స్థలమిచ్చాడు. వ్యాపారం తెలిసినవాళ్లు వస్తే ఊరు బాగుపడుతుందన్నది ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. నాలుగు వందల ఏళ్లకు పైగా వాళ్లు ఇక్కడే పుట్టి, పెరిగి, సరుకులమ్మి, పిల్లలకు చదువు చెప్పించుకుని, ఇక్కడి మట్టిలోనే కలిశారు. వాళ్లను వలసవాళ్లని ఎవరైనా అంటే నాకు మనసొప్పదు.

సినగాగు గోడలు బాగా మందం. లోపల, సరిగ్గా నడిమధ్యన, నాలుగు లావుపాటి స్తంభాలు, వాటి మధ్య ఎత్తైన వేదిక. వాళ్ల పవిత్ర గ్రంథం తోరా చదివేది దాని మీద నుంచే. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం గోడల దగ్గర. పూలతీగల అంచులు గీసిన చట్రాల్లో, పుస్తకంలో పేజీలు పరిచినట్టు, హీబ్రూలో ప్రార్థనలు రాసి ఉన్నాయి. చేతిలో పుస్తకం లేనివాడు కూడా తలెత్తి చదువుకోవచ్చు. కొన్నిచోట్ల రంగు రాలి, సగం అక్షరాలే మిగిలాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ మందిరాన్ని దోచి గోదాముగా వాడుకున్నారు. 1970లలో బాగుచేసి మ్యూజియంగా మార్చారు. గోడల మీద ప్రార్థనలైతే ఉన్నాయి, చదివే ఊరివాళ్లే లేరు.

1941 జూన్‌లో జర్మన్లు వచ్చారు. ఆగస్టు 25 తెల్లవారుజామున యూదులంతా సంత మైదానానికి రావాలని ముందురోజే చాటింపు వేయించారు. తరతరాలుగా అంగళ్లు పెట్టుకున్న చోటే వాళ్లను పోగుచేసి, కొద్ది కిలోమీటర్ల దూరంలోని లొపుహోవో అడవికి తరలించారు. అక్కడ గోతులు ముందే తవ్వించి పెట్టారు. రెండు రోజుల్లో కాల్చి చంపినవాళ్లు 1,400 మందికి తగ్గరు. పసిపిల్లలూ అందులోనే. నాలుగు శతాబ్దాల సమాజం ఆ రెండు రోజుల్లోనే దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది.

అడవిలో పొడవాటి చెట్ల మధ్య ఆ గోతుల చుట్టూ కంచెలు వేశారు. స్మారక శిలలు ఉన్నాయి. దూరదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు కంచెలకు కట్టిన నీలం, తెలుపు జెండాలు ఉన్నాయి. గాజు గిన్నెల్లో ఆరిపోయిన కొవ్వొత్తులు ఉన్నాయి.

నాతో బస్సు దిగినవాళ్లలో చాలామంది సినగాగు చూసి, పక్కనే యూదుల వంటకాలు వడ్డించే హోటల్లో భోంచేసి, వెనక్కి వెళ్లిపోయారు. మీరు ఎప్పుడైనా టికోచిన్ వెళితే అలా చేయకండి. ఊళ్లో కారు మాట్లాడుకుని లొపుహోవో కూడా వెళ్లండి, పాత యూదుల శ్మశానం కూడా చూడండి. అక్కడ గడ్డిలో ఒరిగిన రాళ్ల మీద పేర్లు ఉన్నాయి. అడవిలోని వాళ్లలో ఏ ఒక్కరికీ అలాంటి రాయి దక్కలేదు.