బస్తర్‌కు దక్కని పెద్దల సభ

2024 మే 27న వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల నియోజకవర్గంలో శాసనమండలి ఉప ఎన్నిక జరిగింది. జూన్ 5న మొదలైన లెక్కింపు ఏడో తేదీ రాత్రి దాకా సాగింది. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగం దాటకపోవడంతో, అట్టడుగు అభ్యర్థులను ఒక్కొక్కరినే తొలగిస్తూ రెండో ప్రాధాన్య ఓట్లను పంచారు. చివరికి కాంగ్రెస్ అభ్యర్థి తీన్మార్ మల్లన్న గెలిచారు.

ఆ నియోజకవర్గపు తూర్పు కొస చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో బస్తర్‌ను తాకుతుంది. సరిహద్దు దాటితే ఈ ఎన్నికే లేదు. 1956 నాటి ఏడో రాజ్యాంగ సవరణ మధ్యప్రదేశ్‌కు మండలిని అనుమతించినా అది అమలులోకి రాలేదు. 2000లో విడివడిన ఛత్తీస్‌గఢ్ శాసనసభలో స్థానాలు 90. 171వ అధికరణం ప్రకారం మండలి సభ్యులు శాసనసభలో మూడో వంతుకు మించరాదు, నలభైకి తగ్గరాదు. తొంభైలో మూడో వంతు ముప్పై. లెక్కే కుదరదు. 119 స్థానాల తెలంగాణ సరిగ్గా ఆ గీత దగ్గర నిలిచి 40 మందితో మండలిని నిలుపుకుంది.

మండలి లేనందువల్ల బస్తర్ నష్టపోయిందా? తెలంగాణ అనుభవం అలా చెప్పదు. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు, మావోయిస్టుల తుపాకులకు మధ్య నలిగి బస్తర్ నుంచి వేల మంది గోదావరి అడవులకు తరలివచ్చారు. గుత్తికోయలుగా పిలిచే వీరి పోడు, నివాసం, గిరిజన హోదా నేటికీ వివాదాలే. పట్టభద్రుల జాబితాలో చేరాలంటే డిగ్రీ పొంది మూడేళ్లు నిండాలి. బడికే దూరమైన గూడేలకు ఆ గడప అందదు. గవర్నర్ నామినేట్ చేసే ఆరు స్థానాలను సాహిత్యం, కళలు, విజ్ఞానం, సహకారం, సమాజసేవలకు కేటాయించారు. నిర్వాసితులకు ప్రత్యేకించి ఒక్కటీ లేదు.

బస్తర్‌లోని 12 శాసనసభ స్థానాల్లో 11 గిరిజనులకు రిజర్వు అయ్యాయి. ఐదో షెడ్యూల్ ప్రకారం గిరిజన సలహా మండలి ఉంది. గవర్నర్ నివేదించిన విషయాలపైనే అది సలహా ఇస్తుంది. 1996 పెసా చట్టం భూసేకరణకు ముందు గ్రామసభను గానీ పంచాయతీలను గానీ సంప్రదించాలంటుంది. దాని అమలుకు ఛత్తీస్‌గఢ్ నియమాలు చేసింది 2022లో! చదువుకున్నవారి ఓట్లకు ఒక సభను అమర్చిన రాజ్యాంగాన్ని, అడవి గూడేల మాటకు కట్టుబడే సభ ఏదని బస్తర్ అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం రాయపూర్‌లో కొత్త భవనం కాదు. ఉన్న గ్రామసభ తీర్మానాన్ని కలెక్టరు కాదనలేని రోజు రావాలి.