కొన్యాకువ్ లేసు కథ

కుట్లు, అల్లికలంటే నేను చెవి కోసుకుంటాను. పోలెండు వెళ్ళినవాళ్ళందరూ క్రాకువ్ కోట చూసొస్తారు. నేను మాత్రం దక్షిణాన, చెక్ సరిహద్దు దగ్గరి కొండల్లో ఉన్న కొన్యాకువ్ ఊరికి దారి పట్టాను.

ఇక్కడి లేసు కూడా మన నర్సాపురం లేసులాగే చిన్న కొక్కెం సూదితో అల్లేదే. పువ్వులూ, ఆకులూ విడివిడిగా అల్లుకుని, తర్వాత ఒకదానికొకటి కలుపుతారు. దారం ఎంత సన్నమో! పూర్వం పెళ్ళయిన ఆడవాళ్ళు తలకు పెట్టుకునే టోపీ ముందు అంచుకి దీన్ని అల్లేవారట. తర్వాత బల్లగుడ్డలు, చర్చి పీఠం మీద పరిచే గుడ్డలు వచ్చాయి.

2000 దాటాక కొందరు ఆడవాళ్ళు ఇదే లేసుతో లోదుస్తులు అల్లి అమ్మడం మొదలెట్టారు. ఇంకేముంది, ఊళ్ళో పెద్ద రగడ! దేవుడి పీఠం మీద పరిచే పనితనాన్ని ఇలా దిగజారుస్తారా అని పెద్దవాళ్ళు. అమ్ముడుపోని బల్లగుడ్డతో ఇల్లు గడుస్తుందా అని వీళ్ళు. నన్నడిగితే నేను వీళ్ళ పక్షమే. రోజుల తరబడి మెడ వంచి అల్లే మనిషికి నాలుగు డబ్బులు రావద్దూ?

ఆ గొడవతో కళేమీ ఆగిపోలేదు లెండి. 2013లో ఐదుగురు కలిసి 5 మీటర్ల వ్యాసమున్న లేసు అల్లారు.

ఇలాంటి లేసు మీ ఇంట్లో ఉంటే చేత్తోనే ఉతకండి. పల్చగా గంజి పెట్టి, గుండుసూదులతో చదునుగా బిగించి ఆరబెట్టండి. ఇస్త్రీ పెట్టె గట్టిగా నొక్కితే పువ్వులు అణిగిపోతాయి.