ఇంటికెళ్లే ముందు... కృష్ణ ఒడ్డున కొన్ని నెలలు

విదేశంలో ఏడాది చదువో, కంపెనీ పనో పూర్తయిందంటే చాలు, బెజవాడ ఇళ్లల్లో హడావుడి మొదలవుతుంది. గన్నవరం విమానాశ్రయానికి ఎవరెవరు వెళ్లాలి, ఆ రోజు ఏం వండాలి... లెక్కలన్నీ తేలాక సరిగ్గా అప్పుడే ఫోనొస్తుంది. 'అమ్మా, ఎలాగూ ఇంత దూరం వచ్చాను కదా. వచ్చేముందు ఓ పదిహేను రోజులు చైనా చూసొస్తాను!' అమ్మకు కోపం రావడం సహజమే. ఇన్నాళ్లు ఉన్నది చాలదా, మళ్లీ ఇదొకటా?

కానీ ఇది ఈకాలం పిల్లలకు కొత్తగా పుట్టిన సరదా ఏమీ కాదు. సొంతూరికి మళ్లేముందు ఇంకొంచెం నేల చూద్దాం, ఇంకో నాలుగు ముక్కలు నేర్చుకుందాం అనుకున్న ఒక చైనా బాటసారి సుమారు పదమూడు వందల ఎనభై ఏళ్ల కిందట మన కృష్ణ ఒడ్డుకే వచ్చాడు. వచ్చినవాడు చూసి వెళ్లిపోలేదు. కొన్ని నెలలు ఉండి చదువుకున్నాడు. ఆయన పేరు బడిలో సోషల్ పుస్తకంలో అందరూ చదివిందే... హ్యూయాన్‌త్సాంగ్.

సలహాతో మారిన దారి

629లో ఆయన చైనా దాటేనాటికి వయసు ఇరవై ఏడు. దేశం విడిచి వెళ్లకూడదని రాజాజ్ఞ. అయినా వెళ్లాడు. అప్పటికి చైనాలో ఉన్న బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి. ఏది నిజమో తెలియాలంటే మూలగ్రంథాలే చదవాలి. అవేమో భారతదేశంలో ఉన్నాయి. ఎడారులు, మంచుకొండలు దాటి వచ్చి, నలందలో శీలభద్రుడనే వృద్ధ గురువు దగ్గర ఏళ్ల తరబడి చదివాడు.

ఆ తర్వాత సింహళం వెళ్లాలనుకున్నాడు. వంగదేశంలోని తామ్రలిప్తి రేవులో ఓడ ఎక్కితే సరిపోయేది. అక్కడ ఒక దక్షిణాది భిక్షువు కలిసి, 'సముద్రం మీద అంత దూరం దేనికి? తుపాన్ల భయం. నేలమీదే దక్షిణానికి వెళ్లండి. చివరికంటా వెళ్తే మూడు రోజుల ఓడ ప్రయాణమే. దారిలో ఎన్నో దేశాలు చూడొచ్చు' అన్న అర్థంలో సలహా చెప్పాడు. ఆ మాట విన్నాడు కాబట్టే ఆయన ఒడిషా, కళింగ, కోసలల మీదుగా తెలుగు నేలలో అడుగుపెట్టాడు. లేకపోతే ఏడో శతాబ్దపు మన నేల గురించి చైనా భాషలో అంత వివరం ఉండేదే కాదు.

ముందు ఆంధ్రదేశం, దాని రాజధాని వేంగి. ఏలూరు పక్కన ఉన్న ఇప్పటి పెదవేగి అది. కుబ్జ విష్ణువర్ధనుడితో తూర్పు చాళుక్యుల పాలన మొదలై అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఇక్కడివాళ్ల మాట, వాక్యాల కూర్పు మధ్యదేశం వారికి భిన్నంగా ఉన్నాయనీ, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటేననీ ఆయన రాసుకున్నాడు. ఒక పరాయివాడి చెవికి తెలుగుగడ్డ మీది మాట వేరుగా వినిపించడం, దాన్ని కాగితం మీద పెట్టడం చిన్న సంగతేం కాదు.

అక్కడినుంచి దక్షిణంగా ధాన్యకటకం. నేల సారవంతం, పంటలు పుష్కలం, ఎండ ఎక్కువ అన్నాడు. మనుషుల గురించి రాసిన మాటలు చదివితే మాత్రం నవ్వొస్తుంది. ఒంటిరంగు నలుపు, స్వభావంలో ఆవేశం, కానీ చదువంటే ఎంతో గౌరవం! బెజవాడ కోచింగ్ సెంటర్ల వీధిలో ఒక పూట నిలబడి చూసినా ఇంతకంటే సరిగ్గా చెప్పలేరేమో.

ఖాళీ విహారాల్లో ఇద్దరు గురువులు

అయితే ఆయన వచ్చేనాటికి ఇక్కడి బౌద్ధం వైభవం తగ్గిపోయింది. విహారాలు చాలా ఉన్నా ఎక్కువ భాగం పాడుబడ్డాయి. మనుషులున్నవి ఓ ఇరవై, వాటిలో వెయ్యి మంది దాకా భిక్షువులు. నగరానికి తూర్పు కొండన పూర్వశైల విహారం, పడమటి కొండన అపరశైల విహారం. కొండ తొలిచి కట్టిన ఆ గొప్ప విహారాల్లో నూరేళ్లుగా భిక్షువులే లేరని రాశాడు.

ఆ కొండలు ఎక్కడివన్నదాని మీద 19వ శతాబ్దంలో పెద్ద వాదనే నడిచింది. ఫెర్గుసన్, సెవెల్ లాంటివారు అది బెజవాడేనన్నారు. చుట్టూ కొండలు, వాటిలో తొలిచిన గుహలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి. బర్జెస్ లాంటివారు ఎగువన సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని అమరావతి, ధరణికోట అన్నారు. శాసనాల్లో ధాన్యకటకం పేరు అక్కడే దొరకడంతో ఆ మాటే నిలిచింది. ఇందులో విచిత్రమేమంటే, అమరావతి మహాస్తూపం ఊసు మాత్రం హ్యూయాన్‌త్సాంగ్ రాతల్లో కనిపించదు.

చూడటానికే వచ్చినవాడైతే పాడుబడ్డ విహారాలను చూసి నిట్టూర్చి దారిన పోయేవాడు. ఆయన అలా చేయలేదు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువులు ఇక్కడ ఉన్నారు. మహాసాంఘిక శాఖ గ్రంథాల్లో వాళ్లకు మంచి పట్టు. నలందలో అంతకాలం చదివిన పండితుడు వాళ్ల ముందు కూర్చుని కొన్ని నెలలపాటు ఆ శాఖ అభిధర్మం నేర్చుకున్నాడు. బదులుగా తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వాళ్లకు చెప్పాడు. చివరికి ముగ్గురూ స్నేహితులై, పుణ్యక్షేత్రాలు చూడ్డానికి కలిసి బయల్దేరారని ఆయన శిష్యుడు హుయిలీ మొదలుపెట్టిన జీవితచరిత్రలో ఉంది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అన్న పట్టింపు ఎవరికీ లేకపోయింది.

తెరుచుకున్న కొండ

ధాన్యకటకంలోనే ఆయన ఒక కథ విన్నాడు. భావవివేకుడు అనే పండితుడి కథ అది. నాగార్జునుడి మార్గంలో నడిచిన ఈయన ఆరో శతాబ్దం వాడు. మగధలో ధర్మపాలుడనే మహాపండితుడున్నాడని విని, వాదించి తేల్చుకుందామని అంతదూరం వెళ్లాడు. బోధివృక్షం దగ్గరున్న ధర్మపాలుడు, జీవితం చిన్నది, మాటలకు తీరిక లేదని కబురుచేశాడట. ఇద్దరూ కలవనే లేదు.

తిరిగొచ్చిన భావవివేకుడికి సందేహాలు తీరలేదు. ఇక రాబోయే మైత్రేయ బుద్ధుడే తీర్చాలి, అప్పటిదాకా బతికుండాలి అనుకున్నాడు. ధాన్యకటకానికి దక్షిణాన ఒక కొండచరియ ముందు మూడేళ్లు మంత్రం జపించి, అభిమంత్రించిన ఆవగింజలతో రాతిని కొడితే గుహ తెరుచుకుందట. చుట్టూ చేరిన జనాన్ని రమ్మని పిలిస్తే, పాముల పుట్టేమోనని భయపడ్డారు. ఆరుగురే వెంట వెళ్లారు. తలుపు మూసుకుంది. వాళ్లు ఇంకా లోపలే ఉన్నారన్నది ఆనాటి జనం నమ్మకం.

ఈ కథ విన్న బాటసారి ఎవరో గుర్తుంచుకోవాలి. ఆయన గురువు శీలభద్రుడు. శీలభద్రుడి గురువు, వాదానికి తీరిక లేదన్న ఆ ధర్మపాలుడే! అంటే హ్యూయాన్‌త్సాంగ్ భావవివేకుడికి ఎదుటి పక్షం మనిషి. అయినా ఆ కథను ఎగతాళి లేకుండా, ఎంతో గౌరవంగా రాసుకున్నాడు.

నదిలో పోయిన మూటలు

కంచి దాకా వెళ్లాక సింహళం నుంచి వచ్చిన భిక్షువులు ఎదురయ్యారు. అక్కడ రాజు చనిపోయాడు, కరవొచ్చిందన్నారు. దాంతో సింహళ యాత్ర మానుకుని, పడమటి తీరం చుట్టి నలంద చేరాడు. ఇక ఇంటికెళ్తానంటే అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. బుద్ధుడు పుట్టిన నేల వదిలి ఎందుకు వెళ్లడం అన్నారు. నేర్చుకున్నది తెలియనివాళ్లకు చెప్పకపోతే ఎలా అన్నది ఆయన జవాబు. ముసలి గురువు మాత్రం సంతోషంగా పంపాడు.

సింధు నది దాటుతుంటే పుస్తకాలున్న పడవ గాలివానకు ఊగిపోయింది. యాభై మూటలు నీళ్లపాలయ్యాయి. పడవలో పూలవిత్తనాలున్నాయా, అవి తీసుకెళ్తే ఈ నది ఊరుకోదు అన్నాడట అవతలి ఒడ్డున ఎదురొచ్చిన రాజు. నిజంగానే ఉన్నాయి! యాభై రోజులకు పైగా అక్కడే ఆగి, మనుషులను పంపి కొన్ని గ్రంథాలు మళ్లీ రాయించుకున్నాడు. 645లో రాజధాని చాంగాన్ చేరేసరికి ఇరవై గుర్రాల మీద 520 కట్టల్లో 657 గ్రంథాలు ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఆయన చదువుకున్న మహాసాంఘిక శాఖవి వాటిలో 15.

పదహారేళ్ల తర్వాత ఇల్లు చేరినవాడు కాస్త విశ్రాంతి తీసుకోవాలి కదా! ఆయన అనువాదానికి కూర్చున్నాడు. 664లో కన్నుమూసేదాకా లేవలేదు. మధ్యలో 652లో బుద్ధగయ మహాబోధి విహారం నుంచి పాత స్నేహితుల ఉత్తరం వచ్చింది. 654లో జవాబు రాస్తూ, గురువు శీలభద్రుడి మరణానికి దుఃఖపడి, సింధు నదిలో పోయిన పుస్తకాల జాబితా జతచేశాడు. వీలైతే పంపమని అడిగాడు. అన్నేళ్లయినా ఆ మూటలను ఆయన మరచిపోలేదు.

ఆయన అనువదించిన వాటిలో 649లో పూర్తయిన ఒక చిన్న పుస్తకం ఉంది. పేరు కరతలరత్నం, అంటే అరచేతిలోని మణి. రాసింది ఎవరనుకున్నారు? ధాన్యకటకం కొండలోకి వెళ్లాడన్న ఆ భావవివేకుడే! తన పరమగురువు మాట్లాడటానికి తీరిక లేదన్న మనిషి పుస్తకాన్ని హ్యూయాన్‌త్సాంగ్ తీరిక చేసుకుని తన భాషలోకి మార్చాడు. తనకు నచ్చినవే మోసుకెళ్లి ఉంటే ఆ పుస్తకం గుర్రం ఎక్కేదే కాదు.

తర్వాత సంగతి తెలిసిందే. ఇక్కడ విహారాలు నేలమట్టమయ్యాయి. అమరావతి పాలరాళ్లలో కొన్ని సున్నానికి కాలిపోయాయి, కొన్ని చెన్నై, లండన్ మ్యూజియాలకు చేరాయి. కరతలరత్నం సంస్కృత మూలం జాడలేకుండా పోయింది. మిగిలింది చైనా ప్రతి ఒక్కటే. దాన్ని ముందు పెట్టుకుని ఎన్. అయ్యస్వామి శాస్త్రి అనే పండితుడు మళ్లీ సంస్కృతంలోకి తెచ్చారు. 1949లో విశ్వభారతి దాన్ని ప్రచురించింది. మన నేల మీది పండితుడి మాట చైనా వెళ్లి, పదమూడు వందల ఏళ్లు అక్కడే తలదాచుకుని, సొంత దేశానికి తిరిగొచ్చిందన్నమాట.

ధాన్యకటకానికి దక్షిణాన భావవివేకుడి వెనుక మూసుకున్న కొండ తలుపు ఇప్పటిదాకా తెరుచుకోలేదు. ఆయన పుస్తకం మాత్రం ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.