మంగళజోడిలో రెండు కెమెరాలు

బరంపురం నుంచి భువనేశ్వరం వైపు రైల్లో పోయేవారికి రంభ దాటిన తరువాత కుడిచేతి కిటికీలో చిలకా సరస్సు కనిపిస్తుంది. బాలుగాం దాకా అది కనబడుతూ, కొండల చాటుకు పోతూ, మళ్ళీ కనబడుతూ వస్తుంది. మనవాళ్ళలో చాలామందికి చిలకాతో పరిచయం అంతటితో సరి. లేదా బాలుగాంలో దిగి పడవెక్కి కాళిజాయి అమ్మవారి దర్శనం చేసుకుంటారు. వస్తూ వస్తూ రొయ్యలు కొనుక్కువస్తారు. సరస్సుకు ఉత్తరపు కొసన, టంగీకి కొద్ది మైళ్ళలో ఉన్న మంగళజోడికి వెళ్ళినవారు మాత్రం మన సంఘంలో వేళ్ళమీద లెక్కించదగినవారే. గత డిసెంబరులో నేనూ, మా ఆఫీసు మిత్రుడొకరూ అక్కడికి వెళ్ళాము. పక్షులను చూడడం ఒక పని. రెండవ పని నా సొంతం: కెమెరా మార్చాలా, అక్కరలేదా అని తేల్చుకోవడం.

ఈ ఊరివారిలో చాలామంది ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్ముకొని బతికినవారు. 2000 ప్రాంతంలో వైల్డ్ ఒరిస్సా అనే సంస్థవారి ప్రోద్బలంతో వేట మాని, తామే ఒక రక్షణ సమితిగా ఏర్పడ్డారు. పక్షుల జాడ పసిగట్టే ఆ విద్యే ఇప్పుడు వారికి కూడు పెడుతున్నది. పడవలమీద యాత్రికులను తిప్పుతారు. చిలకాకు కూడా అదే కాలంలో మంచిరోజులు వచ్చాయి. 1981లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాకెక్కిన ఈ సరస్సు, పూడిక పేరుకొని ఉప్పదనం తగ్గి కలుపు పెరగడంవల్ల, 1993లో ప్రమాదస్థితిలో ఉన్న వాటి చిట్టాలో చేరింది. 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తవ్వారు. 2002లో ఆ చిట్టానుంచి బయటపడింది.

ఇక నా గొడవ. ఫోటోల సంగతి తెలియని పాఠకులకోసం ఒక్కమాట. ఇలాంటి కెమెరా రెండు ముక్కలు. ముందుండే గొట్టం లెన్సు, వెనుకనుండే పెట్టె బాడీ. లెన్సు అట్టే పెట్టుకొని బాడీని మాత్రం మార్చుకోవచ్చు. నా దగ్గర ఉన్నది కేనన్ 1300డి. 2016లో వచ్చిన మోడలు, కొత్తగా నేర్చుకునేవారికోసం చేసిన చవకరకం. మా మిత్రునిది అదే సంవత్సరం వచ్చిన 80డి. మెట్లు లెక్కపెడితే చాలా పైది. భువనేశ్వరంలో ఒక దుకాణంలో ఎవరో వాడి అమ్మిన 80డి బాడీ ఒకటి ఉన్నది. నలభై వేలు చెప్పారు. మా జీతాల బకాయిలు చేతికి వచ్చినప్పటినుంచీ ఆ 80డి జోరీగలా నా చెవి దగ్గర రొద చేస్తూనే ఉన్నది.

రెండు బాడీలకూ ఒకే లెన్సు సరిపోతుంది. కనుక నా 55-250 లెన్సునే గంటసేపు నా బాడీకీ, గంటసేపు ఆయన బాడీకీ తగిలించి చూద్దామని మా ఒప్పందం. మనిషి అతడే, లెన్సు అదే, నీళ్ళు అవే. తేడా అంటూ వస్తే బాడీవల్లనే రావాలి. పాతికేళ్ళుగా లెడ్జర్లు సరిచూస్తున్నవాడికి ఇంతకంటె మంచి ఉపాయం తోచదు.

తెల్లవారకముందే పడవెక్కాము. అడుగు చదునుగా ఉండే చిన్న కొయ్యపడవలు అవి. ఇంజను ఉండదు. వెనుక నిలబడి వెదురుగడతో తోస్తారు. మా పడవ నడిపినాయన అరవై దాటినవాడు. మేము మౌసా అని పిలిచాము. రెల్లుమధ్య కాలువలో పది గజాలు పోయామో లేదో పొగమంచులోనుంచి కూతలు మొదలయ్యాయి. పొద్దు పొడిచేసరికి ఎటు చూచినా పక్షే. ఎర్రటి పొడుగు కాళ్ళవి, ఊదారంగు నీటికోళ్ళు, సూదితోక బాతులు, బురదలో ముక్కులు గుచ్చి నిలబడ్డ గాడ్‌విట్లు వందలకొద్దీ. మన కవులు చక్రవాకాలను విరహానికి వాడుకున్నారు గాని, ఇక్కడ అవి జంటలు జంటలుగా గట్టుమీద కూర్చొని నిశ్చింతగా ఎండ కాచుకుంటున్నాయి. పడవ పదిహేను గజాలలోకి వచ్చినా కదలవు. వేట మానిన ఊరు కదా, అవి కూడా ఆ కబురు విన్నట్లున్నాయి.

కూర్చున్న పక్షుల విషయంలో రెండు బాడీలకూ నాకు తేడా కనబడలేదు. ఇంటికి వచ్చి ఒకే నీటికోడి బొమ్మలు రెండింటిని పెద్దవిగా అచ్చు వేయించి మా ఇంట్లో చూపించాను. ఏది దేనితో తీసిందో ఆమె చెప్పలేకపోయింది. చీటీ తిప్పి చూస్తేగాని నేనూ చెప్పలేను. బొమ్మ పడే పలక రెండింటిలోనూ ఒకే సైజు. మసకవెలుతురులో 80డి బొమ్మలో గరుకుదనం కొంచెం తక్కువ, నీడలు కొంచెం తేటగా వస్తాయి, అంతే. హస్తిమశకాంతరం కాదు. దాని షట్టరు సెకనులో ఎనిమిదివేలవ వంతు దాకా పోతుందని, నాది నాలుగువేలవ వంతు దగ్గరే ఆగుతుందని దుకాణంలో గొప్పగా చెప్పారు. ఎగిరే పిట్టకు రెండువేలవ వంతు చాలు.

ఎగిరే పిట్ట దగ్గరే అసలు సంగతి తేలింది. నా బాడీకి ఫోకస్ పట్టే చుక్కలు తొమ్మిది. వాటిలో నిలువు గీతనూ, అడ్డు గీతనూ రెండింటినీ పట్టగలిగేది నడిమి చుక్క ఒక్కటే. 80డికి నలభై అయిదు, అన్నీ అలాంటివే. నాది సెకనుకు మూడు బొమ్మలు తీస్తే అది ఏడు తీస్తుంది. టెర్న్ అనే సన్నరెక్కల పిట్టలు అక్కడ నీళ్ళమీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి. వాటిని నడిమి చుక్కలో నిలపడమంటే ఈగను సూదితో గుచ్చడమే. నా బాడీతో ఎగిరే బొమ్మలు 120 తీస్తే స్పష్టంగా వచ్చినవి 9. ఆయన బాడీతో 140కి 46. ఈ లెక్క దగ్గర బుకాయింపు పనికిరాదు. ఆ పెట్టె ఆ పని నిజంగా చేస్తుంది.

అయితే ఆ తొమ్మిదింటిలో ఆరు మౌసా చలవ. ఆయన గడ ఆపి నెమ్మదిగా "ఏబే ఉడిబొ" అనేవాడు, ఇప్పుడు ఎగురుతుంది అని. అన్న రెండు మూడు క్షణాలకు కొంగ లేచేది. ఎలా తెలుస్తుందని అడిగాను. మెడ చాస్తుంది, గాలికి ఎదురు తిరుగుతుంది, కాళ్ళు కొంచెం వంచుతుంది అన్నాడు. ఒకప్పుడు ఆ క్షణం తెలియకపోతే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మా మిత్రుడు మాత్రం ఆయన మాట వినిపించుకోకుండా సెకనుకు ఏడు చొప్పున తీస్తూనే పోయాడు. సాయంత్రం రెండువేల బొమ్మలు ముందు వేసుకొని ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో తెలియక తల పట్టుకున్నాడు.

దుకాణంలో ఇంకొక మాట కూడా చెప్పారు: అద్దం లేని కెమెరాల కాలం వచ్చింది, కొంటే అవే కొనండి అని. నిజమే. తమ అద్దపు కెమెరాలలో అగ్రశ్రేణి మోడలు ఇక అదే ఆఖరు అని కేనన్ అధిపతి 2021లోనే చెప్పాడు. 2022లో వచ్చిన ఆర్7 పక్షికన్నును తానే వెతికి పట్టుకుంటుంది. మధ్యలో ఒక అడాప్టరు పెడితే నా పాత లెన్సుతోనూ పనిచేస్తుంది. కాని ధర లక్షకు పైమాటే. నాబోటివాడికి అది కిటికీలోనుంచి చూచే చిలకా. వాడిన 80డి సంగతి వేరు. దాని షట్టరు లక్షసార్లకు తగినట్లు చేసినది. దుకాణంలోని పెట్టె అప్పటికే 62 వేలు కొట్టింది. అడిగితే చూపించారు గాని, అడిగితేనే.

ఇంటికి వచ్చి మూడేళ్ళలో నేను దాచుకున్న బొమ్మలన్నీ లెక్కవేశాను. 240. గోపాలపురం దీపస్తంభం, ఋషికుల్య పడవలు, మా ఊరి ఠకురాణి యాత్రలో వేషాలు, చుట్టాల పెళ్ళిళ్ళు, కూర్చున్న పక్షులు. ఎగిరే పక్షులు 21. రాత్రిపూట వేషాలవారు ఆడుతూ పోతుంటే తీసినవాటిలో చెడిపోయినవి ఎక్కువ. అక్కడ కూడా 80డి ఉంటే కొన్ని దక్కేవి. అంతా కలిపితే నలభై వేల పని పదో వంతుకు పైన కొంచెం.

మా అమ్మాయి జూన్‌లో విశాఖపట్నం హాస్టలుకు వెళ్ళాలి. చదువుకు లాప్‌టాప్ కావాలి. దాని ధర కూడా ఇంచుమించు అదే. "మీ డబ్బు, మీ ఇష్టం" అన్నది మా ఆవిడ. పెళ్ళయిన పాఠకులకు ఈ మాటకు టీక అక్కరలేదు. అమ్మాయి మాత్రం "నువ్వు కొనుక్కో నాన్నా, మాకు కాలేజీలో కంప్యూటర్లు ఉంటాయట" అన్నది. దాని స్నేహితురాళ్ళు ముగ్గురూ అప్పటికే లాప్‌టాప్‌లు కొనుక్కున్నారని నాకు తెలుసు. తనకు తెలుసని నాకు తెలుసునన్న సంగతి కూడా దానికి తెలుసు. ఇద్దరం కాసేపు నీటికోడి బొమ్మ చూస్తూ కూర్చున్నాము.

మరునాడు భువనేశ్వరం దుకాణానికి ఫోను చేసి ఆ బాడీని ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను. శనివారం అమ్మాయిని తీసుకొని వెళ్ళి లాప్‌టాప్ కొన్నాము. జనవరి రెండవ ఆదివారానికి మౌసాతో మాట్లాడి పెట్టాను. ఈసారి అమ్మాయి కూడా వస్తుంది. మా మిత్రుడు 80డిని అరగంట ఇస్తానన్నాడు, మా ఆవిడ పులిహోర పంపే షరతుమీద.