మడిలో లేచిన బుగ్గ

యాసంగి నాట్లు పడి నెల దాటింది. లింగంపేటలో కాక వెంట పొలం గట్టు మీద నడుస్తున్నాను. కలుపు చూద్దామని ఆయన మడిలోకి దిగాడు. కాలు దిగబడ్డ చోటల్లా బురదలోంచి బుగ్గలు లేచి పగిలాయి. నీళ్లు నిలిచిన మట్టికి ఆక్సిజన్ అందదు. అక్కడి సూక్ష్మజీవులు కుళ్లిన మొదళ్లను తిని మీథేన్ వదులుతాయని చెప్పాను.

"మంచిదే. మరి పైకి పోయినంక అది యాడికి పోతది?" అన్నాడు కాక.

గాలిలో కలుస్తుందన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. సంక్రాంతి సెలవులు అయ్యాక చెన్నైలో వేరే పని పడితే, ఆ ప్రశ్నను కూడా వెంట తీసుకుపోయాను.

ఐఐటీ మద్రాసు 1959లో పశ్చిమ జర్మనీ సాయంతో మొదలైంది. రోడ్డు దాటుతున్న జింకల కోసం ఆగి, మర్రిచెట్ల నీడన నడిచి కెమిస్ట్రీ విభాగం చేరాను. వాతావరణంలో పుట్టి అంతలోనే పోయే రాడికల్స్ ఎంత వేగంగా చర్య జరుపుతాయో ఇక్కడ ప్రొఫెసర్ బి. రాజకుమార్ బృందం కొలుస్తుంది. రాడికల్ అంటే జంట లేని ఎలక్ట్రాన్‌తో తిరిగేది. ఎదురుపడ్డ అణువు నుంచి ఏదో ఒకటి లాక్కుంటే గాని దానికి నిలకడ ఉండదు. వీటిలో ముఖ్యమైనది హైడ్రాక్సిల్: ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్. ఓజోన్ మీద ఎండలోని అతినీలలోహిత కిరణం పడి, పక్కన నీటి ఆవిరి ఉంటే ఇది పుడుతుంది. సెకను నిండకుండానే పోతుంది. సగటున ఇరవై ఐదు లక్షల కోట్ల గాలి అణువులకు ఇది ఒకటి ఉంటుందేమో. అయినా మీథేన్ లాంటివి తొలగించి గాలిని కడిగేది ప్రధానంగా ఇదేనని హిరమ్ లెవీ 1971లో లెక్కగట్టి చూపాడు.

లేజర్ గదికి కిటికీలు లేవు. ఒక తెలుగు పరిశోధక విద్యార్థిని నా చేతికి కళ్లద్దాలు ఇచ్చింది. "పెట్టుకోండి సార్. కనిపించే లేజర్ కంటే కనిపించనిదే ప్రమాదం." బల్ల మీద అద్దాలు, కటకాలు, వాటి నడుమ ఒక గాజు పాత్ర. మెరుపులు, రంగులు చూస్తాననుకున్నాను. వినిపించింది టక్ టక్ మనే చప్పుడు ఒక్కటే, సెకనుకు పది దెబ్బలు.

పాత్రలోకి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి మెల్లగా పారుతుంటుంది. గాయాలు కడిగే మందే, కాకపోతే చిక్కనిది. దాని మీద మొదటి లేజర్ పల్స్ పడుతుంది. ఈ పద్ధతిలో సాధారణంగా 248 నానోమీటర్ల కాంతి వాడతారు. పెరాక్సైడ్ అణువు నడిమికి విరిగి రెండు హైడ్రాక్సిల్స్ అవుతుంది. కొంచెం ఆగి రెండో పల్స్. ఇది ఆకుపచ్చ కాంతిగా బయలుదేరి, నారింజ రంగు ద్రావణం గుండా పోయి రంగు మార్చుకుని, ఒక స్ఫటికంలో తరంగదైర్ఘ్యం సగమై 282 నానోమీటర్ల దగ్గర కంటికి కనిపించకుండా పోతుంది. ఆ కాంతి తగిలిన హైడ్రాక్సిల్ 308 నానోమీటర్ల దాపున మిణుకుమంటుంది. ఎన్ని మిణుకులు వస్తే అన్ని మిగిలి ఉన్నట్టు.

చిన్నప్పుడు లింగంపేటలోని నాగన్న బావి అంచున నిలబడి రాయి జారవిడిచి, చప్పుడు వచ్చేదాకా లెక్కపెట్టేవాళ్లం. ఎంతసేపు పట్టిందో దాన్నిబట్టి లోతు చెప్పేవాళ్లం. ఇక్కడ ఆట తిరగబడింది. ఎంతసేపు ఆగాలో వీళ్లే నిర్ణయిస్తారు: పది మైక్రోసెకన్లు, వంద, వెయ్యి. ఆ క్షణానికి ఎన్ని బతికున్నాయో చూస్తారు. హైడ్రాక్సిల్‌తో కలిసే వాయువును ఎంతో ఎక్కువగా నింపుతారు కాబట్టి అది తగ్గినట్టే ఉండదు, తగ్గేది హైడ్రాక్సిలే. లాగరిథమ్ తీసి గీస్తే చుక్కలన్నీ ఒక గీత మీదికి వస్తాయి. వాయువు మోతాదు పెంచిన కొద్దీ ఆ గీత నిటారవుతుంది. ఎంత పెంచితే ఎంత నిటారైందో, అందులోనే చర్య వేగం ఉంది.

"గీత రావడం సులువే సార్. అది ఎవరి గీతో తేల్చుకోవడమే కష్టం" అందామె.

ఆ మాట మీథేన్ దగ్గరికి వస్తే అర్థమైంది. హైడ్రాక్సిల్‌కు మీథేన్ అంత తొందరగా లొంగదు. అడవి చెట్లు ఎండపూట వదిలే ఐసోప్రీన్ దానికంటే దాదాపు 15 వేల రెట్లు వేగంగా చర్య జరుపుతుంది. అంటే 15 వేల మీథేన్ అణువుల్లో ఒక్క ఐసోప్రీన్ దొంగచాటుగా దూరినా కొలత రెట్టింపు అవుతుంది. సిలిండర్ శుద్ధి మీదే సగం ప్రయోగం నిలబడుతుంది.

ఇది చాదస్తం కాదనడానికి 1991 నాటి కథ ఉంది. మైసూరులో చదువుకుని అమెరికా వెళ్లిన ఎ. ఆర్. రవిశంకర, తన సహచరుడు ఘనశ్యామ్ వాఘ్‌జియానీతో కలిసి కొలరాడోలోని బౌల్డర్‌లో ఇదే పద్ధతిలో మీథేన్ చర్యను మళ్లీ కొలిచారు. అప్పటిదాకా అందరూ వాడుతున్న అంకె కంటే వేగం తక్కువని తేలింది. దాంతో గాలిలో మీథేన్ ఆయుష్షు లెక్క సుమారు పావు వంతు పెరిగింది. గాలి మారలేదు, పొలాలు మారలేదు. మారింది గీత వాలు. అదే ప్రయోగశాలలో ఆ తర్వాత రవిశంకరతో కలిసి పనిచేసినవారిలో రాజకుమార్ ఒకరు.

బయటికి వచ్చేముందు పాత్ర చుట్టూ ఉన్న తొడుగు ఎందుకని అడిగాను. లోపలి వేడిని మార్చడానికట. పైపైకి పోతే గాలి చల్లబడుతుంది, చలిలో ఈ చర్య మందగిస్తుంది. గది వేడిలో ఒక్కసారి కొలిచి ఊరుకుంటే ఆకాశం లెక్క తప్పుతుంది. అన్నీ కలిపి చూస్తే హైడ్రాక్సిల్ చేతికి చిక్కేదాకా మీథేన్ సగటున దాదాపు 9 ఏళ్లు తిరుగుతుంది.

మళ్లీ లింగంపేట వెళ్లేసరికి పొట్ట దశ వచ్చింది. కాకకు మొత్తం చెప్పాను. సెకను కూడా బతకని దాన్ని పట్టుకుని తొమ్మిదేళ్లు లెక్కగట్టారంటే ఆయన కాసేపు నమ్మలేదు.

"నా మడిల లేసిన బుగ్గ తొమ్మిదేండ్లు తిరుగుతదా?"

"సగటున, కాక."

ఆయన గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించాడు. "మరి ఆరుతడి పెడితే? నడుమ నడుమ నీళ్లు తీసి మడి ఆరబెడితే బుగ్గలు తక్కువ లేస్తయి గద?"

లేస్తాయి తక్కువే. ఈసారి జవాబు తెలిసింది.

"గట్లయితే వచ్చే యాసంగికి ఒక మడిల చేసి చూస్త. కరెంటు గూడ మిగులుతది" అని లేచాడు.