ఖాళీ కంప్యూటర్‌కి మొదటి ముద్ద

మా పెద్దమ్మాయి నాగర్‌కర్నూల్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. డిప్లొమా చేసింది మా వనపర్తి పాలిటెక్నిక్‌లోనే, అదే, రాజావారి ప్యాలెస్‌లో నడిచే కాలేజీలో. ఇప్పుడు రోజూ వనపర్తి నుంచి బస్సులో వెళ్లొస్తుంది. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి రెన్యువల్ చేయాలి. పోయిన నెల ప్రాక్టికల్ పరీక్షల ముందు, ల్యాబ్‌లో ఉన్న 36 సిస్టమ్‌లకీ కొత్తగా ఉబుంటు ఎక్కించమన్నారు. చేతిలో ఉన్నది ఒక్క ఆదివారం.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మెకానిక్ అబ్బాయి ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి, "ఫార్మాట్ కొడుతున్నా అక్కా" అని ముప్పావు గంట కూర్చుంటాడు. ఆ లెక్కన 36 సిస్టమ్‌లకి 27 గంటలు! "ఎట్ల చేస్తవ్ బిడ్డా?" అన్నాను. "పెన్‌డ్రైవ్ అవసరమే లేదమ్మా, వైర్ల నుంచే పోతది" అంది. అదేంటో అర్థమయ్యేదాకా వదలలేదు నేను. చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పించుకున్నాను.

కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి క్షణంలో దానికి విండోస్ తెలీదు, ఉబుంటు తెలీదు. తినడానికి ఎక్కడ ఏముందో వెతుక్కోవడం మాత్రం వచ్చు. హార్డ్ డిస్కులో చూడాలా, పెన్‌డ్రైవ్‌లో చూడాలా, నెట్‌వర్క్‌లో చూడాలా అనే వరుస ముందే రాసి ఉంటుంది. నెట్‌వర్క్ వంతు వచ్చినప్పుడు, వైరు పెట్టే కార్డులో ఉన్న ఒక చిన్న ప్రోగ్రాం అందరికీ వినపడేలా కేక వేస్తుంది. "నేనిక్కడున్నాను, నాకో నంబరు ఇవ్వండి, నా తిండి ఎక్కడుందో చెప్పండి" అని. ఆ కేక వినడానికి సిద్ధంగా ఉన్న కంప్యూటర్‌ని సర్వర్ అంటారు. అది నంబరు ఇచ్చి, ఏ ఫైలు తీసుకోవాలో చెబుతుంది.

ఆ మొదటి ఫైలు పంపే తీరు విన్నాక నాకు నవ్వొచ్చింది. 512 బైట్ల చిన్న ముక్క పంపి ఆగుతుంది. "అందింది" అని జవాబు వస్తేనే తర్వాతి ముక్క. నోట్లో ఉన్నది మింగాకే ఇంకో ముద్ద పెట్టినట్టు! దాని పేరు టీఎఫ్‌టీపీ అట. 1981లో ఆ నియమాలను రాసి ప్రచురించింది ఒక ఆడమనిషి, అమెరికాలోని ఎంఐటీకి చెందిన కారెన్ సోలిన్స్. కొత్త కంప్యూటర్‌కి నంబరూ ఫైలు పేరూ చెప్పే పద్ధతి 1985లో వచ్చింది. 1990ల చివర ఇంటెల్ వాళ్లు ఇవన్నీ కలిపి పీఎక్స్‌ఈ అనే ఏర్పాటు చేశారు. ఈ చిన్న ముద్దలు మొదట్లోనే. కాస్త లేచి కూర్చున్నాక, మిగతా పెద్ద భోజనమంతా వేగంగా వచ్చే వేరే దారిలో తెచ్చుకుంటుంది.

మా పుట్టిల్లు గద్వాల. మగ్గాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నాకు ఇదంతా జాకార్డ్ లాగే అనిపించింది. మగ్గం ఎంత మంచిదైనా, అంచు మీద ఏ పువ్వు రావాలో దానికి తెలీదు. పైన కట్టిన చిల్లుల అట్టలే చెప్పాలి. అట్టలు మారిస్తే అదే మగ్గం మీద వేరే అంచు వస్తుంది.

కానీ మగ్గం దగ్గర మనిషి కూర్చుని ఉంటాడు. ఇక్కడ 36 సిస్టమ్‌ల దగ్గర ఎవరూ కూర్చోరు. భాష ఏంటి, టైము ఏ దేశానిది, యూజర్ పేరేంటి, ఇలా మామూలుగా అడిగే ప్రశ్నలన్నిటికీ ఒక ఫైల్లో ముందే జవాబులు రాసి పెడతారు. నేను ఊరికి పోతూ ఫ్రిజ్ మీద అంటించి పోయే చీటీ లాంటిదన్నమాట. "డిస్కులో ఉన్నదంతా చెరిపేయాలా?" అన్నదానికి "సరే" కూడా అందులోనే ఉంటుంది. ఇంక అడగదు, చెరిపేస్తుంది.

అక్కడే వచ్చింది గొడవ. ల్యాబ్ వైరు ఆఫీసు వైరుతో కలిసి ఉంది. ఆఫీసులో ఏ సిస్టమ్ అయినా మొదట నెట్‌వర్క్‌లో చూసేలా పెట్టి ఉండి, ఎవరైనా దాన్ని రీస్టార్ట్ చేస్తే? అది కూడా కేక వేస్తుంది, దీనికీ జవాబు అందుతుంది, పిల్లల ఫీజుల లెక్కలన్నీ తుడిచిపెట్టుకు పోతాయి. అందుకని ఆఫీసు వైరు పీకేస్తానంది మా అమ్మాయి. ఆ రోజు కూడా ఆఫీసులో ఎంట్రీలు నడుస్తున్నాయి, పీకొద్దన్నారు. "అయితే నేను మొదలుపెట్టను సార్" అందట.

అది చెప్తుంటే నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. రెన్యువల్ చేసే చెయ్యి ఆ సార్‌దే మరి. "కొంచెం మెల్లగ చెప్పకపోయినవా?" అన్నాను. "మెల్లగనే చెప్పినమ్మా. కానీ పోయినంక నేనేం చెప్పినా ఆ లెక్కలు రావు కద" అంది. రెండు గంటలు ఊరికే కూర్చుందట. మధ్యాహ్నం వాళ్ల ఎంట్రీలు అయ్యాక వైరు తీయనిచ్చారు.

తన లాప్‌టాప్‌నే సర్వర్‌గా పెట్టింది. మొదటి సిస్టమ్ ఆన్ చేస్తే, ఫైలు పేరు అందలేదని స్క్రీన్ మీద వచ్చి ఆగిపోయింది. నంబరైతే వచ్చింది, కానీ తను ఇచ్చిన నంబరు కాదు. ఇంకెవరో ముందు జవాబిచ్చారు! వెతికితే ప్రొజెక్టర్ బల్ల వెనక చిన్న వైఫై రౌటర్ దొరికింది. ఫోన్ల కోసం ఎవరో ఎప్పుడో పెట్టుకున్నది. రౌటర్‌కి నంబర్లు పంచడం వచ్చు, తిండి ఎక్కడుందో తెలీదు. అప్పుడే కళ్లు తెరిచిన కంప్యూటర్‌కి పలికినవాళ్లెవరో పోల్చుకునే తెలివి ఉండదు, చాలాసార్లు ముందు పలికినవాళ్లనే నమ్మేస్తుంది. అందుకే ఆ సమయంలో చుట్టూ ఎవరున్నారో చూసుకునే బాధ్యత పెద్దవాళ్లదే.

రౌటర్ తీశాక పని సాగింది. అన్నిటినీ ఒకేసారి లేపలేదు. పెళ్లి బంతిలో కూర్చోబెట్టినట్టు ఆరేసి చొప్పున ఆరు బంతులు. అందరూ ఒక్కసారే అడిగితే ఎవరికీ సరిగ్గా అందదట. ఒక్కో బంతి పూర్తికాగానే వెతికే వరుసలో హార్డ్ డిస్కుని మళ్లీ మొదటికి మార్చింది. లేదంటే ప్రతిసారీ మొదట నెట్‌వర్క్‌నే అడిగి, ఎక్కినదాన్ని చెరిపి మళ్లీ ఎక్కించుకుంటూనే ఉంటుందట. నాకు అది విని నవ్వాగలేదు.

సాయంత్రానికి 36 అయ్యాయి. ఆఫీసు వైరు మళ్లీ పెట్టి, ఫీజుల లెక్కలు తెరిచి చూపించి, చీకటి పడ్డాక బస్సు దిగింది.

సోమవారం రాత్రి "పరీక్ష ఎట్లయింది?" అని అడిగాను. "పిల్లలు వచ్చిన్రు, రాసిన్రు, పోయిన్రు. ల్యాబ్ గురించి ఎవరూ ఒక్క మాట అనలే" అంది. నేను ఒక్క క్షణం బాధపడ్డాను. అది మాత్రం సంతోషంగానే ఉంది. మూడు పూటలా వండి పెట్టే మనకి ఆ సంతోషం తెలియనిది కాదు. అన్నీ సవ్యంగా ఉన్న రోజున ఎవరూ వంటింటి వైపు చూడరు.

రెన్యువల్ వచ్చే నెల. ఏమవుతుందో చూడాలి. ఏమైనా గానీ, "మొదలుపెట్టను సార్" అన్నందుకు నేనైతే దాన్ని ఇంకోసారి "మెల్లగ చెప్పకపోయినవా" అని అడగను.